డబుల్ వైరు

సుగుణకుమారి ఆంటీ సోఫా మీద అరచేయంత మచ్చ. సాకేత్ కుడి చేతిలోనూ దాదాపు అంతే మచ్చ. బుధవారం నుంచి బ్రిస్బేన్ సన్నీబ్యాంక్‌లోని ఆ ఇంట్లో మా మాటలన్నీ ఈ రెండు మచ్చల చుట్టూనే తిరుగుతున్నాయి.

సిగరెట్లు మానడానికని సాకేత్ ఒక వేప్, అంటే పొగ బదులు ఆవిరి పీల్చే గొట్టం, కొనుక్కున్నాడు. కొని అలాగే వాడేసేది కాదు. లోపలి తీగ మనమే చుట్టుకుని, దూది మనమే పెట్టుకునే రకం. బుధవారం మధ్యాహ్నం యూనివర్సిటీ నుంచి వచ్చి, సోఫాలో కూర్చుని వరసగా నాలుగు దమ్ములు పీల్చాడు. వేలు తీసినా అడుగున మీట వెనక్కి రాలేదు. గొట్టం పట్టుకోలేనంత వేడెక్కి, లోపలి నుంచి బుస్సుమని చప్పుడు వచ్చింది. వాడు విసిరేస్తే అది సోఫా మీదే పడింది.

ఆంటీ కాకినాడ నుంచి వచ్చి పాతికేళ్ళయింది. ముసలివాళ్ళ సంరక్షణ కేంద్రంలో నర్సు. ఇంట్లో పొగ రాకూడదు, నిప్పు వెలగకూడదు అనే ఒక్క షరతు మీద మాకు చెరో గది ఇచ్చింది. ఆ షరతు తప్పాడని ఆదివారం సాయంత్రానికల్లా సాకేత్‌ని ఖాళీ చెయ్యమంది. వాడి పరీక్షలకి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి.

ఆ తీగ చుట్టింది నేను. ఎవరు చుట్టారని ఆంటీ అడగలేదు. సాకేత్ చెప్పలేదు.

*

గురువారం పొద్దున వాడి గదిలోకి వెళ్ళాను. ఎడమ చేత్తో పుస్తకాలు ఒక్కొక్కటే సూట్‌కేసులో పెడుతున్నాడు. కుడి చేతికి తెల్లటి కట్టు. ఆంటీ కట్టిందే. పొమ్మన్న మనిషే పొద్దున, సాయంత్రం తప్పకుండా కట్టు మారుస్తోంది.

"ఆంటీకి చెప్పేస్తానురా," అన్నాను.

"ఏమని జెప్తవన్నా?"

"చుట్టింది నేనని."

"చుట్టినవ్, సరే. ఎందుకు గాలిందని అడుగుతది. అప్పుడేం జెప్తవ్?"

నేను వాడి పుస్తకం ఒకటి తీసి సూట్‌కేసు మూలన సర్దాను.

"ఎలక్ట్రికల్‌ల మాస్టర్స్ జేస్తున్నవ్. మా దాసు ఇంజినీరని చర్చిల అందరికి జెప్పుకుంటదామె. నిన్ను గూడ ఎళ్ళగొట్టిందనుకో, ఇద్దరికి కలిపి ఈ ఒక్క సూట్‌కేసే ఉన్నది. నీది చక్రం ఊడిపాయె."

"నవ్వులాట కాదు."

"నేను నవ్వుతలేనన్నా." వాడు పుస్తకం పక్కన పెట్టి కట్టున్న చెయ్యి నా ముందుకు చాపాడు. "చెయ్యి నాది గాలింది. ఎందుకు గాలిందో నాకు దెల్వాలె. ముందు గది కనుక్కో. తర్వాత ఎవరికి జెప్పుకుంటవో చెప్పుకో."

సాకేత్‌ది నిజామాబాద్. ఊరు వదిలి రెండేళ్ళయినా మాట మారలేదు. మాట పడినా మనిషి మారడని నాకు ఆ పూట తెలిసింది. వాడు నన్ను కాపాడుతున్నాడు. బదులుగా ఒక్కటే అడుగుతున్నాడు, కారణం.

పెరట్లోకి వెళ్ళాను. బుధవారం ఆంటీ పట్టకారుతో బ్యాటరీని పట్టుకుని తెచ్చి, ఖాళీ పూలకుండీలో ఇసుక పోసి అందులో పూడ్చింది. నర్సు కదా, భయపడ్డా చేతులు సరిగ్గానే పనిచేస్తాయి. ఒకసారి బుసకొట్టిన బ్యాటరీని మళ్ళీ ముట్టుకోకూడదని నాకూ తెలుసు. దాన్ని అక్కడే వదిలేసి, పక్కనున్న గొట్టాన్నీ, దాని పైభాగాన్నీ మాత్రం కాగితంలో చుట్టుకుని సంచిలో వేసుకున్నాను.

*

శుక్రవారం మధ్యాహ్నం ల్యాబ్‌లో ఎవరూ లేరు. ల్యాబ్ చూసుకునే పెద్దాయన మూలన కూర్చుని శాండ్‌విచ్ తింటున్నాడు. నేను బల్ల మీద కాగితం పరిచి భాగాలన్నీ విప్పి వరసగా పెట్టాను. చిన్నప్పుడు మా నాన్న షాపులో నేర్చుకున్న మొదటి పని అదే. విప్పిన వరసలోనే పెట్టాలి.

చూస్తే ఇందులో ఏమీ లేదు. పైన వేలి గోరంత పళ్ళెం. దాని మీద రెండు స్తంభాలు, ఒక్కో స్తంభానికి ఒక మర. చుట్టిన తీగ, అంటే కాయిల్, ఒక కొస ఈ మర కింద, ఇంకో కొస ఆ మర కింద. కాయిల్ మధ్యలోంచి దూది. దూది ద్రవాన్ని పీల్చుకుంటుంది, తీగ ఎర్రబడి దాన్ని ఆవిరి చేస్తుంది. పళ్ళెం కింద గొట్టం, గొట్టంలో బ్యాటరీ, గొట్టం అడుగున స్ప్రింగు మీద నిలబడే మీట. మీట నొక్కితే బ్యాటరీకీ తీగకీ మధ్య అడ్డం వచ్చే చిప్పు గానీ ఫ్యూజు గానీ లేదు. ఎక్కువైంది ఆపు అని చెప్పే వస్తువే లేదు.

అందుకే ఎక్కడ ఎక్కువైందో వెతకాలి.

మరలు వదులయ్యాయేమో చూశాను. వదులు మర దగ్గర తీగ కాలుతుంది, ఏ ఎలక్ట్రీషియన్‌నడిగినా చెబుతాడు. కానీ రెండూ బిగువుగానే ఉన్నాయి. తీగ కొస పళ్ళేనికి తగిలిందేమోనని భూతద్దం పెట్టి చూశాను. తగల్లేదు. బ్యాటరీ పైతొడుగు చిరిగితే గొట్టానికి ఆనుకుని షార్ట్ అవుతుంది. కానీ పూడ్చేముందు ఆంటీ పట్టకారులో చూశాను, తొడుగు ఉబ్బింది గానీ చిరగలేదు.

దూది మాత్రం ఒకవైపు నల్లగా మాడిపోయి ఉంది. ద్రవం అయిపోయాక కూడా వాడు పీల్చాడన్నమాట. అది కారణమా? ఎండిన దూది మాడి గొంతు మండుతుంది. అంతేగానీ బ్యాటరీ బుసకొట్టదు.

గొట్టం అడుగున మీట విప్పాను. స్ప్రింగు బయటపడింది. వేలితో నొక్కితే తిరిగి లేవలేదు. వేడికి మెత్తబడి చచ్చిపోయింది. మీట వెనక్కి రాకపోవడానికి కారణం అదీ. వేలు తీసినా కరెంటు ఆగలేదు. కానీ స్ప్రింగుకి ముందు వేడి ఎక్కడిది?

ఇక మిగిలింది కాయిలే. అది నేను చుట్టింది. అందుకే ఆఖరికి పెట్టుకున్నానేమో.

సాకేత్ దాన్ని కొన్నప్పుడు షాపువాళ్ళు అందులో ఒక కాయిల్ చుట్టి ఇచ్చారు. చీటీ మీద 0.5 ఓం అని రాసి ఉంది. నేను మార్చి చుట్టాక కూడా నా మీటరు 0.5 అనే చూపించింది. అర ఓం అంటే ఎనిమిది ఆంపియర్ల పైచిలుకు. బ్యాటరీ తొడుగు మీద ముప్పై అయిదు అని అచ్చేసి ఉంది. దాన్ని నేను నమ్మను. అలాంటి బ్యాటరీలను పరీక్షించినవాళ్ళు నిజంగా పది దాటి తియ్యకూడదని రాశారు. ఎనిమిది పది లోపే కదా. మరెందుకు?

ల్యాబ్ మీటరుకి తగిలించాను. 0.24.

మళ్ళీ తగిలించాను. 0.24.

సంచిలోంచి నా మీటరు తీశాను. ఆకివీడు నుంచి వచ్చేటప్పుడు మా నాన్న ఇచ్చిన పసుపు మీటరది. అది 0.5 అంది. ఒకే కాయిల్. రెండు మీటర్లు. ఒకటి అబద్ధమాడుతోంది.

పెద్దాయన శాండ్‌విచ్ పట్టుకుని నా వెనక ఎప్పుడొచ్చి నిలబడ్డాడో తెలియదు. అదేమిటని అడగలేదు. "నీ మీటరు కొసలు రెండూ ఒకదానికొకటి తాకించి చూశావా, మేట్?" అన్నాడు ఇంగ్లీషులో.

తాకించాను. మధ్యలో ఏమీ లేదు. సున్నా చూపించాలి. 0.3 చూపించింది.

"అది దాని సొంత తీగల రెసిస్టెన్స్. దాన్ని కూడా కలిపి నీకు లెక్కిచ్చింది," అని ఆయన మళ్ళీ మూలకి వెళ్ళిపోయాడు.

నాన్న షాపులో మోటారు కాయిళ్ళలో అయిదు ఓంలు, పది ఓంలు కొలిచేటప్పుడు ఆ 0.3ని మేము ఎప్పుడూ పట్టించుకోలేదు. పట్టించుకునే అవసరం లేదు. ఇక్కడ ఆ 0.3 అసలు కాయిల్ కంటే పెద్దది. పావు ఓం కాయిల్‌కి నా మీటరు తన వాటా కలిపి, సరిగ్గా షాపు చీటీ మీదున్న అంకె చూపించింది. నేను హాయిగా మూత బిగించి సాకేత్ చేతిలో పెట్టాను.

కాగితం మీద లెక్క వేశాను. నిండుగా ఛార్జి అయిన బ్యాటరీ 4.2 వోల్టులు. 0.24తో భాగిస్తే పదిహేడున్నర ఆంపియర్లు. పది తియ్యాల్సిన చోట పదిహేడున్నర.

అయితే ఇంకో ప్రశ్న మిగిలింది. షాపులో అర ఓం ఉన్నది, నేను చుట్టాక సగమెందుకైంది? నిజానికి అది ప్రశ్న కాదు. జవాబు నాకు తెలుసు. కాయిల్‌ని భూతద్దం కింద పెట్టి చూశాను. పక్కపక్కనే రెండు తీగలు, చక్కగా, ఎక్కడా ఎడం లేకుండా. చుట్టిన చెయ్యి ఎవరిదో చూస్తేనే తెలుస్తుంది.

సెప్టెంబరులో ఒకరోజు సాకేత్, "అన్నా, పది దమ్ములకే ఏడెక్కుతుంది, జర జూడు," అన్నాడు. నేను ఆలోచించలేదు. చెయ్యి ఆలోచించింది. తీగ మార్చి డబుల్ వైరు వేసింది.

*

మా నాన్న ఎలియాజర్‌కి ఆకివీడులో మోటార్ వైండింగ్ షాపుంది. రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిమ్మే ఏరియేటర్ మోటార్లు ఎక్కువగా వస్తాయి. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. నా మాస్టర్స్ అంటే ఏమిటో ఆయనకి సరిగ్గా తెలియదు గానీ, చొక్కా జేబులో పెట్టుకున్న పెన్నులాగా దాన్ని అందరికీ కనపడేలా పెట్టుకుంటాడు.

బ్రిస్బేన్‌లో మూడైంది. అక్కడ పదిన్నర. ఫోన్ చేస్తే వెనకాల లేతు మిషను చప్పుడు.

"ఏరా అబ్బాయ్, క్లాసు లేదా?"

"లేదు నాన్నా. ఒకటి అడగాలి. మోటారు వేడెక్కుతోందంటే నువ్వు డబుల్ వైరు వేస్తావు కదా, ఎందుకు?"

"ఇదేంట్రా, నీకు తెలీదా? తీగ లావైతే చల్లగా లాగుద్ది."

"లాగాల్సింది ఎంతో ఎవరు చెప్తారు?"

"చెరువులో ఫ్యాను చెప్పుద్ది. దానికెంత కావాలో అంతే లాగుద్ది. సన్నం తీగయితే ఆయాసపడుద్ది, లావు తీగయితే ఆయాసం ఉండదు. ఏ మోటారు చుట్టావు?"

"మోటారు కాదు నాన్నా." మా నాన్న జీవితంలో బీడీ ముట్టలేదు. "ఒక చిన్న హీటరులాంటిది. సాకేత్‌ది. సిగరెట్టు బదులు ఆవిరి పీలుస్తారు. అందులో కాయిల్."

లేతు ఆగింది. ఆపమని సైగ చేసి ఉంటాడు.

"హీటరుకి డబుల్ వైరు వేశావా?"

"వేశాను."

"మన పాత కరెంటు పొయ్యి గుర్తుందా నీకు?"

"ఉంది."

"స్ప్రింగు తెగినప్పుడల్లా మీ అమ్మ కొసలు మెలిపెట్టి కలిపేది. కలిపినకొద్దీ స్ప్రింగు పొట్టయ్యేది. అప్పుడు పొయ్యి చల్లబడిందా?"

"ఇంకా ఎర్రగా కాలేది."

"మీటరు దగ్గర ఫ్యూజు ఎగిరిపోయేది. తీగే పొయ్యి అయినప్పుడు దానికి దారి ఇరుగ్గా ఉండాలిరా. నువ్వు దారి వెడల్పు చేశావు. మోటారులో ఫ్యాను అడిగినంతే వస్తాది. పొయ్యిలో అడిగేవాడు లేడు. దారి ఎంతుంటే అంతా వస్తాది."

నేను వోల్టేజి వర్గం బై రెసిస్టెన్స్ అని రెండు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్న విషయం అదే. ఆయన మా అమ్మ కరెంటు పొయ్యి పెట్టి చెప్పేశాడు.

"ఎవరికన్నా తగిలిందా?" అన్నాడు.

"సాకేత్ చెయ్యి కాలింది. ఆంటీ వాణ్ణి ఇల్లు ఖాళీ చెయ్యమంది. నేను చుట్టానని ఆవిడకి తెలీదు."

ఆయన షాపులో కుర్రాళ్ళకి చెప్పే గొంతుతో అన్నాడు. "తప్పు చుట్టామని తెలిస్తే మనమేం చేస్తాం?"

"మనమే చెరువు గట్టుకెళ్ళి మోటారు తెచ్చుకుంటాం."

"రైతు ఫోన్ చేసేదాకా ఆగుతామా?"

"ఆగం."

"మరి?" అని పెట్టేశాడు.

నాన్నకి చెప్పనిది ఒకటుంది. ఆ రోజు నేను ఒక్కటే చుట్టలేదు. రెండు చుట్టాను. ఒకే తీగ, ఒకే కొలత, ఒకే పద్ధతి. రెండోది నోవా గొట్టంలో ఉంది.

*

నోవా ఆంటీకి ఒక్కగానొక్క కొడుకు. పుట్టింది ఇక్కడే. యూనిలో రెండో ఏడు. తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. సాకేత్‌ని చూసి వాడూ అలాంటి గొట్టమే తెచ్చుకున్నాడని ఆంటీకి తెలియదు. ఆదివారం చర్చిలో గిటార్ వాయించే కొడుకు గురించి ఆవిడ అలా ఊహించలేదు.

శుక్రవారం సాయంత్రం గరాజ్‌లో గిటార్ తీగలు మారుస్తుంటే పట్టుకున్నాను.

"నోవా, నీ గొట్టం నాకిచ్చెయ్. అందులో కాయిల్ నేను తప్పు చుట్టాను. సాకేత్‌కి అయినట్టే నీకూ అవుతుంది."

"కాంట్, మేట్. లాస్ట్ ఇట్."

"ఎక్కడ?"

"డోన్ట్ నో. యూనిలో మేబీ." వాడు తలెత్తకుండానే తీగ బిగించాడు. "నో వర్రీస్. ఇట్స్ గాన్."

"నిజం చెప్పు."

"ఐ యామ్." అప్పుడు తలెత్తాడు. "డోన్ట్ టెల్ మమ్, ఓకే? ప్లీజ్, దాసన్నా."

ఆ చివరి రెండు మాటలు తెలుగులో అనుకుని అన్నాడు పాపం. నేను నమ్మలేదు. దాచుకున్నాడనుకున్నాను. అయినా వాడు యూనికెళ్ళిన దారిలో బస్‌స్టాపు బల్లల కింద కూడా వెతికొచ్చాను. దొరకలేదు.

*

శనివారం మధ్యాహ్నం ఆంటీ మార్కెట్ నుంచి వచ్చి పులావుకి అన్నీ సిద్ధం చేసింది. రెండు చేతుల నిండా సామాన్లు మోసుకొచ్చి తీరా చూస్తే పుదీనా లేదు.

"నోవా, ఒక్క కట్ట పట్రా నాన్నా. కారు తీసుకెళ్ళు," అంది. వాడు తాళాలు అందుకుని వెళ్ళాడు. కారు వెనక్కి తీస్తున్న చప్పుడు వినిపించింది. వాడు లేనప్పుడే చెప్పడం మంచిదనిపించింది. సాకేత్‌ని కూడా పిలిచాను.

"ఆంటీ, కూర్చోండి. ఒకటి చెప్పాలి."

"ఉల్లిపాయలు మాడతాయి, చెప్పు," అని కూర్చోకుండానే గరిటె తిప్పింది.

"బుధవారం కాలిన గొట్టంలో కాయిల్ చుట్టింది నేను. తప్పు నాది. సాకేత్ సిగరెట్ వెలిగించలేదు, దాన్ని పాడుచెయ్యనూ లేదు."

గరిటె ఆగింది. ఆవిడ పొయ్యి కట్టేసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. అరవలేదు. డ్యూటీలో కొత్తగా చేరిన పేషెంటుని అడిగినట్టు వరసగా అడిగింది. ఎప్పుడు చుట్టావు, ఎలా చుట్టావు, ముందే వేడెక్కేదా, ఎన్నాళ్ళ నుంచి.

అన్నీ చెప్పాను. ఓంలు, ఆంపియర్లు చెబుతుంటే ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. అప్పుడే పక్కన రైస్ కుక్కర్ మీట టక్కున పైకి లేచింది.

"ఇదిగో ఆంటీ, ఇలా," అన్నాను. "కుక్కర్‌లో నీళ్ళు ఉన్నంతసేపే వేడి ఒక హద్దులో ఉంటుంది. నీళ్ళు అయిపోగానే ఆ మీట దానంతటదే లేచి ఆపేస్తుంది. వాడి గొట్టంలో అలా లేచే మీట లేదు. ద్రవం అయిపోయినా, బ్యాటరీ అలిసిపోయినా ఆపేది మన వేలొక్కటే. నేనేమో అందులో మామూలు కంటే రెండింతలు కరెంటు పారేలా చుట్టాను. ఆ వేడికి అడుగు మీట స్ప్రింగు మెత్తబడి లోపలే ఉండిపోయింది. వాడు వేలు తీసినా ఆగలేదు."

"అంటే వీడు జాగ్రత్తగా ఉన్నా చెయ్యి కాలి ఉండేదన్నమాట."

"వీడెంత జాగ్రత్తగా ఉన్నా."

ఆంటీ సాకేత్ వైపు తిరిగింది. "నువ్వెందుకు చెప్పలేదు?"

"మీరడగలే ఆంటీ."

"ఇల్లు ఖాళీ చెయ్యమంటే కూడా నోరు పెగల్లేదా?"

"దాసన్నకే తెల్వదు ఎందుకైందో. తెల్వకుండ ఆయన పేరు జెప్తే మీరు ఆయన్ని గూడ పంపుతరు. కారణం తెల్సినంక జెప్దామనుకున్న." కట్టు చెయ్యి ఊపాడు. "ఇప్పుడు తెల్సింది. మంచిగైంది."

ఆవిడ లేచి వెళ్ళి సోఫా మీద కప్పిన దుప్పటి ఎత్తి మచ్చ చూసింది. మళ్ళీ కప్పింది.

"సాకేత్, పుస్తకాలు బయటపెట్టు. పరీక్షలయ్యేదాకా ఈ డైనింగ్ టేబుల్ నీది. ఆ తర్వాత కూడా గది నీదే." నా వైపు చూసింది. "నిన్ను ఇంజినీరని ఊరంతా చెప్పాను నేను."

"తెలుసు ఆంటీ."

"ఇంకెప్పుడూ ఈ ఇంట్లో ఏ తీగా చుట్టకు. మీ నాన్నగారికి చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

"తప్పు చుట్టింది మనమే వెళ్ళి తెచ్చుకోవాలన్నారు. రైతు అడిగేదాకా ఆగకూడదన్నారు."

"పెద్దమనిషి. తెచ్చుకున్నావుగా మరి, అయిపోయింది. లేవండి, నోవా రాగానే తిందురుగాని."

సాకేత్ నా వైపు చూశాడు. వాడికి తెలుసు. వాడి గది వాడికి దక్కింది. ఇక్కడితో ఊరుకుంటే నోవా అడిగిన మాట నిలబడుతుంది, ఆంటీ మనసు నొచ్చుకోదు, నేను ఇంజినీరుగానే ఉంటాను. కానీ రెండోది నోవా దగ్గర దాగో, బస్సులో ఎవరి సీటు కిందో ఉంటుంది. ఎవరి చేతిలోనో పడుతుంది.

"ఇంకోటుంది ఆంటీ," అన్నాను. "అదే రోజు అలాంటిదే ఇంకోటి చుట్టాను."

"ఎవరికి?"

నేను నోరు తెరిచేలోపే ఆవిడే అంది. "నోవాకి. నాకు తెలుసు."

నేనూ సాకేత్ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"నిన్న పొద్దున బట్టలు మెషీన్‌లో వెయ్యబోతుంటే వాడి జీన్సు జేబులో దొరికింది. తీసి నా బ్యాగులో పడేశాను. రేపు చర్చి అయ్యాక కూర్చోబెట్టి అడుగుదామని ఏమీ అనలేదు."

నోవా అబద్ధమాడలేదు. నిజంగానే పోయిందనుకున్నాడు. వస్తువు ఇంట్లోనే ఉంది. ఇప్పుడే మూత విప్పి బ్యాటరీ బయటికి తీసేస్తే చాలు.

"బ్యాగివ్వండి ఆంటీ, దాన్ని ముందు విప్పేస్తాను."

"కంగారేం లేదు, జాగ్రత్తగానే పెట్టాను," అంది ఆంటీ. "నిన్నంతా అడ్డంగా పడుకోబెట్టినట్టున్నాను, ఇవాళ మార్కెట్‌లో చూస్తే అందులోంచి నూనెలాంటిది కారి నా బైబిల్ అట్టకి అంటుకుంది. అందుకని నీళ్ళ సీసా పెట్టుకునే అర ఉంది కదా, అందులో నిటారుగా నిలబెట్టాను. కదలకుండా పైన నా టిఫిన్ డబ్బా కుక్కి జిప్పు వేశాను. ఇంకెక్కడికీ పోదు."

నిటారుగా. గొట్టం మీట అడుగునుంటుంది. నిలబెడితే గొట్టం నిలబడేది దాని మీదే. పైన టిఫిన్ డబ్బా.

ఇంతదాకా ఏమీ కాలేదంటే స్ప్రింగు ఇంకా కాస్త బలంగా ఉందని. ఇంకొంచెం బరువు పడితే, ఒక్క స్పీడ్ బంప్ దాటితే చాలు.

"బ్యాగెక్కడుంది ఆంటీ?" సాకేత్ గొంతు నాకంటే ముందు లేచింది.

"కారులో. చేతులు ఖాళీ లేక ముందు సీట్లోనే వదిలేసి..." ఆవిడ మాట అక్కడ ఆగింది. ముగ్గురం కిటికీ వైపు తిరిగాం. కారు నిలబడే చోట ఎండలో ఒట్టి సిమెంటు మెరుస్తోంది.

సాకేత్ అప్పటికే ఎడమ చేత్తో నోవా నంబరు నొక్కేశాడు.

వంటింటి గట్టు మీద, రైస్ కుక్కర్ పక్కన, ఛార్జింగ్‌కి పెట్టి ఉన్న ఫోన్ వణుకుతూ మోగడం మొదలుపెట్టింది. తెర మీద సాకేత్ పేరు వెలుగుతోంది.